రాతిపై జీవులు: రూపమూ, జన్యువూ

మన మసాలాలో వాడే రాతిపువ్వు నిజానికి పువ్వు కాదు, అది లైకెన్. శిలీంధ్రం, శైవలం కలిసి సాగించే సహజీవనమే లైకెన్. శాస్త్రీయ నామం మాత్రం అందలి శిలీంధ్రానికే చెందుతుంది.

శాస్త్రజ్ఞులు చిరకాలం వీటిని వర్ణాన్ని, ఆకృతిని బట్టే వర్గీకరించారు. కాని ఎండ, తేమలను బట్టి ఒకే జాతి భిన్నరూపాలు దాల్చవచ్చు. భిన్నజాతులు ఒకే రూపంలో కానరావచ్చు. పశ్చిమ ఉత్తర అమెరికాలో శిలలపై పెరిగే రైజోప్లాకా మెలనాఫ్తాల్మా ఇందుకు నిదర్శనం. ఆ సముదాయంలో డి.ఎన్.ఏ. పరీక్షల ఆధారంగా 2013లో ఐదు కొత్త జాతులను గుర్తించారు. వాటిలో ఒకదానికి ‘దాగినది’ అనే అర్థంలో ‘అకల్టా’ అని పేరు పెట్టారు.

గుర్తించని జాతి నశించినా ఆ నష్టం ఎవరి లెక్కలోకీ రాదు. అయితే కొండపై పరిశోధకునికి తొలి సాధనం కన్నే. కనుక రూపపరిశీలన, జన్యుపరీక్ష పరస్పరం సరిచూసుకుంటూ సాగడమే శాస్త్రమార్గం.