కాలేజీ మొదటి సెమిస్టర్: కారులో పట్టని సామాను

ఆగస్టు వచ్చిందంటే అమెరికాలోని మన ఇళ్ళల్లో కొన్నిట్లో పెళ్ళివారి విడిదిలాంటి సందడి. దుప్పట్లు, చిన్న ఫ్రిజ్, ఆవకాయ సీసా, రైస్ కుక్కర్. (చాలా డార్మిటరీల్లో గదిలో రైస్ కుక్కర్ పెట్టనివ్వరు, ముందే కనుక్కోండి.) సామాను సర్దడం మనవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. నేను చెప్పదలచుకున్నది వేరే సంగతి.

హైస్కూల్లో ఉన్నన్నాళ్ళూ పిల్లల మార్కులు నేరుగా మన ఫోనుకే వచ్చేవి. క్విజ్‌లో తగ్గితే ఆ రాత్రి భోజనాల దగ్గరే పంచాయితీ. కాలేజీలో చేరడంతో అది ఆగిపోతుంది. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం చదువు రికార్డుల మీద హక్కు తల్లిదండ్రుల నుంచి విద్యార్థికి మారుతుంది, వయసు 17 అయినా సరే. "ఫీజు కట్టేది మేమే కదా" అంటే చెల్లదు. పన్నుల లెక్కలో మన మీద ఆధారపడిన పిల్లలైతే కాలేజీ మనకి చెప్పవచ్చు, కానీ చెప్పి తీరాలని లేదు.

చట్టం మంచిదేనని నా అభిప్రాయం. చిక్కల్లా మన ఇళ్ళల్లోనే ఉంది. అప్పటిదాకా తేదీలన్నీ అమ్మ గుర్తుంచుకుంటుంది, ఇన్సూరెన్సు నాన్న చూస్తాడు. ఆ తర్వాత ఒక్క రోజులో అంతా పిల్లల నెత్తిన పడుతుంది. మా సాఫ్ట్‌వేర్ పనిలో ఒక సిస్టమ్‌ని కొత్తవారికి అప్పజెప్పాలంటే కొన్ని వారాలు పక్కన కూర్చుని వాళ్ళచేతే చేయిస్తాం. వేసవి సెలవులు అందుకు సరిపోతాయి. డాక్టరు అపాయింట్‌మెంటు వాళ్ళనే తీసుకోనివ్వండి, కాలేజీ బిల్లు వాళ్ళచేతే చదివించండి. మన ఇన్సూరెన్సులో 26 ఏళ్ళదాకా ఉండవచ్చు కాబట్టి, ఆ బిల్లులో కాలేజీవారి ఇన్సూరెన్సు కలిసి ఉంటే గడువులోగా వద్దని రాయాలి. అయితే మన పాలసీ ఆ ఊళ్ళో చెల్లుతుందో లేదో ముందు చూసుకోవాలి. చాలా రాష్ట్రాల్లో 18 నిండితే వైద్య నిర్ణయాలూ వాళ్ళవే. అందుకని హెల్త్ కేర్ ప్రాక్సీ ఫారం మీద సంతకం బయల్దేరేముందే అయిపోవాలి.

ఇక చదువు. మనం ఇండియాలో చదివినప్పుడు సిలబస్ అంటే పాఠాల జాబితా. ఇక్కడ అది దాదాపు ఒప్పందపత్రం. పరీక్ష తేదీలు, దేనికి ఎంత శాతం, ఆలస్యమైతే ఎంత కోత, అన్నీ అందులోనే ఉంటాయి. మొదటి వారంలోనే అన్ని సిలబస్‌లూ ముందేసుకుని తేదీలన్నీ ఒకే క్యాలెండర్లోకి ఎక్కించాలి. మూడు మిడ్‌టర్మ్‌లు ఒకే వారంలో పడ్డాయని అప్పుడే తెలుస్తుంది.

120 క్రెడిట్లు నాలుగేళ్ళలో పూర్తవ్వాలంటే సెమిస్టర్‌కి 15 కావాలి. అంటే వారానికి సుమారు 15 గంటల క్లాసులు. హైస్కూల్ నుంచి వచ్చిన పిల్లలకి మిగతాదంతా సెలవులా కనిపిస్తుంది. కానీ క్రెడిట్‌కి రెండు గంటల సొంత చదువు ఉండాలన్నది ఇక్కడి పాత లెక్క. మొత్తం వారానికి 45 గంటలు, అంటే ఉద్యోగం కన్నా ఎక్కువే!

ఆఫీస్ అవర్స్ అంటే చదువురాని వాళ్ళకని మన ఇళ్ళల్లోని ఫస్ట్ ర్యాంకు పిల్లలు అనుకుంటారు. రెండో వారంలోనే ఏదో ఒక చిన్న ప్రశ్న పట్టుకుని వెళ్ళమనండి. మొహం పరిచయమైతే అక్టోబరులో పెద్ద ప్రశ్న అడగడానికి బెరుకుండదు.

నాకు తెలిసిన ఒక అబ్బాయికి కాల్క్యులస్ మొదటి మిడ్‌టర్మ్ పోయింది. ఇంట్లో చెప్పలేదు. సెమిస్టర్ మొదట్లో కోర్సు వదిలేస్తే రికార్డులో గుర్తే ఉండదు. తర్వాత ఒక తేదీ దాకా 'డబ్ల్యూ' పడుతుంది కానీ అది జీపీఏలో కలవదు. ఆ తేదీ కూడా దాటిపోయింది, 'ఎఫ్' వచ్చింది. అమ్మానాన్నలకి తెలిసింది క్రిస్మస్ సెలవుల్లో. ఆ మూడు నెలలూ ప్రతి ఆదివారం ఫోనులో వాళ్ళు అడిగింది "మార్కులెలా ఉన్నాయి నాన్నా?" అనే. అబ్బాయి "బాగానే ఉన్నాయి" అనేవాడు. కోర్సు వదిలే ఆఖరి తేదీ ఎప్పుడో, వదిలితే ఫుల్‌టైంకి కావలసిన 12 క్రెడిట్లు మిగులుతాయో లేదో, స్కాలర్‌షిప్ ఏమవుతుందో మాట్లాడుకోవలసింది ఆగస్టులో, ఇంకా పరీక్షలేవీ పోకముందు.