సారంగ దరియా గెలిచిందా, బుల్లెట్టు బండి గెలిచిందా?

లగ్గాల సీజన్ వచ్చిందంటే మా వరంగల్ దిక్కు డీజే బండి కాడ ఈ పంచాది తప్పది. ఒకడు సారంగ దరియానే పెద్ద హిట్టంటడు. ఇంకొకడు బుల్లెట్టు బండి ముంగట అదెంత అంటడు. ఇద్దరూ ఫోన్లు తీసి వ్యూస్ చూపెట్టుకుంటరు. నేను రెండిటికీ ఎగిరినోణ్నే. కానీ తీర్పు చెప్పాలంటే ముందుగాల హిట్టు అంటే ఏందో తేలాలె కదా!

రెండూ 2021ల వచ్చినయే. సారంగ దరియా 'లవ్ స్టోరీ' సినిమాది. శేఖర్ కమ్ముల డైరెక్టర్, పవన్ సీహెచ్ సంగీతం, మంగ్లీ గొంతు, సాయిపల్లవి ఆట. పాట ఫిబ్రవరి ఆఖరుకు వస్తే సినిమా వచ్చింది సెప్టెంబర్ 24న. అంటే సినిమా కంటె ముందే పాట ఊరూరు తిరిగొచ్చింది. నలభై దినాలు కాకముందే 10 కోట్ల వ్యూస్ దాటింది. బుల్లెట్టు బండి ఏప్రిల్‌ల వచ్చింది. లక్ష్మణ్ రాసిండు, ఎస్.కె. బాజీ సంగీతం, మోహన భోగరాజు పాడింది, వీడియోల కూడా ఆమెనే. దానెనుక సినిమా లేదు, హీరో లేడు.

వ్యూస్ అంటే మనుషులు కాదు. ఒక్కడే ఇరవై సార్లు చూసినా లెక్క పెరుగుతది. యాడ్ పెట్టి చూపిచ్చినా పెరుగుతది. అందుకే 24 గంటల రికార్డులల్ల యాడ్ వ్యూస్ కలపమని యూట్యూబే 2019ల చెప్పింది. పెద్ద మ్యూజిక్ కంపెనీ చానెల్‌ల పడ్డ పాటను, సొంతంగ తీసిన పాటను ఒక్క తక్కెడల తూచుడు నాకైతే న్యాయమనిపియ్యది.

బరాత్ లెక్క వేరే. ఆ ఆగస్టుల మంచిర్యాల జిల్లాల ఒక పెండ్లిపిల్ల పిలగాని ముంగట బుల్లెట్టు బండికి ఎగిరింది. ఎవరో తీసిన వీడియో రాష్ట్రమంత పాకింది. ఆ తర్వాత ఎన్ని బరాత్‌లల్ల పెండ్లిపిల్లలు ఎగిరిండ్రో మీరే చూసిండ్రు. తల వంచుకొని కూసునే పిల్ల నడి బజార్ల ఎగిరిందంటే పాట ఏదో పని చేసినట్టే. ఈ లెక్కల నా ఓటు బుల్లెట్టు బండికే.

ఇగ మూడో లెక్క మనోళ్లు ఎవ్వరూ తియ్యరు. పాట ఎవరికి ఏమిచ్చింది? సారంగ దరియా జానపదం. దాన్ని సుద్దాల అశోక్ తేజ సినిమాకు తిప్పి రాసిండు. పాట దుమ్ము లేపంగనే మా వరంగల్ జిల్లా జానపద గాయని ఒకామె, గిది నేను ఎప్పుడో టీవీల పాడిన పాట, నా పేరేది అని అడిగింది. మస్తు లొల్లయింది. ఆఖరికి డైరెక్టరే గుర్తింపు, పైసలు ఇస్తమని చెప్పిండు.

లొల్లి ఎందుకు చెయ్యాల్సొచ్చింది? 1957 కాపీరైట్ చట్టం రాసినోని పేరు అడుగుతది. 2012ల దాన్ని మార్చి, పాట అమ్ముకున్నా రచయితకు, సంగీతం చేసినాయనకు రాయల్టీ వాటా ఉండాలన్నరు. మంచిదే. కానీ నాట్లేసుకుంట పాడుకున్న పాటకు రచయిత ఎవరని రాస్తరు? పేరు లేని పాటను ఎవరన్నా తీసుకోవచ్చు. తీసుకొని కొత్తగ కలిపిన మాటల మీద హక్కు తీసుకున్నోనిదే అయితది. తరతరాలు గొంతుల దాచినామెకు అండ్ల వాటా లేదు.

మన ఊర్లల్ల ఇయ్యాల ఫోక్ సాంగ్స్ తీసే పోరగాండ్లు శానామంది. సొంతంగ రాస్తే రిజిస్ట్రేషన్ లేకున్నా రాసిన నిమిషం నుంచే హక్కు మీదే. నోటి మాట మీద అమ్మకుర్రి, కాయితం మీద రాసుకోర్రి. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పాటైతే ఆమె పాడంగనే ఫోన్ల రికార్డు చెయ్యుర్రి. వీడియో కింద ఆమె పేరు, ఊరు, తారీఖు పెట్టుర్రి, మీ చానెల్ పేరు కంటె పైన.