ఒక్క పేరు, రెండు సీమలు

ఒక యింట నిద్దఱు సీతమ్మలున్నచోఁ బెద్ద సీతమ్మ, చిన్న సీతమ్మ యని పిలిచి పని గడుపుకొందుము. గుంటూరు సీమలోఁ బెదకాకాని, చినకాకాని యను నూళ్లును గలవు. ఇంత సులభమైన యుపాయము రెండు దేశములకుఁ గుదురుటకు 27 ఏండ్లు పట్టినది.

గ్రీసు దేశపు నుత్తర భాగమునకు మాసిడోనియా యని పేరు. అలెగ్జాండరు చక్రవర్తి పుట్టిన పెల్లా యచ్చటిదే. 1991లో యుగోస్లావియానుండి విడివడిన పొరుగు రాజ్యమును మాసిడోనియా యను పేరుతోనే స్వతంత్రమయ్యెను. పేరు వెంట మా చరిత్రమును, పిదప మా నేలను గోరుదురని గ్రీకుల భయము. మాకున్న పేరు విడిచి మఱేమని చెప్పుకొందుమని వారి వాదము. పేరు పోవుట యనఁగా నెట్టిదో, అత్తవారింటఁ గ్రొత్త పేరు పెట్టించుకొన్న సోదరీమణులకు నేను జెప్ప నక్కఱలేదు.

1993లో ఐక్యరాజ్యసమితి 'పూర్వపు యుగోస్లావ్ మాసిడోనియా గణరాజ్యము' అను తాత్కాలిక నామముతోఁ జేర్చుకొనెను. సభలో నే యక్షరము క్రింద నాసనమీయవలెను? 'ఎఫ్' కాదు, 'ఎమ్' కాదు. ఇంగ్లీషు 'ది' శబ్దమును బట్టి 'టి' క్రింద, థాయిలాండు ప్రక్కఁ గూర్చుండఁబెట్టిరఁట! వినుటకు నవ్వు వచ్చును. కాని 1994లో గ్రీసు సరకుల రాకపోకల నాపివేసినది. సముద్రతీరము లేని యా చిన్న దేశమునకు థెస్సలొనీకి రేవు 1995 దాఁక మూసికొనిపోయెను.

తుదకు 2018 జూనులోఁ బ్రెస్పా సరస్సుకడ నొడంబడిక జరిగెను. 2019 ఫిబ్రవరినుండి యది ఉత్తర మాసిడోనియా. భాషకు మాత్రము మాసిడోనియను అను పేరే నిలిచినది. ఇది న్యాయమైన పరిష్కారమని నా తలంపు. అయినను మనసులు కుదుటఁబడలేదు. 2024 మే నెలలో నా దేశపు మొదటి స్త్రీ యధ్యక్షురాలు గోర్డానా సిల్యానోవ్‌స్కా డావ్కోవా ప్రమాణము చేయుచు, 'ఉత్తర' యను మాట విడిచి మాసిడోనియా యనియే పలికెను. గ్రీసు రాయబారిణి సభ విడిచి వెడలిపోయెను.