కారు నంబరు చెప్పిన చిరునామా

ఇంగ్లండులో ఓ దుకాణం ఆవరణలో కారు పెట్టి, గడువు దాటాక కూడా ఆగారనుకోండి. కొద్ది రోజుల్లో ఇంటికి చార్జీ నోటీసు దిగుతుంది. నంబరు ప్లేటు మీద అడ్రసు ఉండదు కదా, వాళ్ళకెలా తెలిసింది?

వాహనాల రిజిస్టరు నిర్వహించే ప్రభుత్వ సంస్థ డి.వి.ఎల్.ఏ. ఇస్తుంది. "సహేతుకమైన కారణం" చూపిన ప్రైవేటు పార్కింగ్ కంపెనీకి రుసుము తీసుకుని పేరూ, చిరునామా అందజేస్తుంది. ఇది చట్టసమ్మతమే. 2015లో సుప్రీంకోర్టు ఒక కేసులో 85 పౌన్ల చార్జీని సమర్థించింది కూడా.

మరి ఆ కారణమే లేకపోతే? బాకీ లేదని తేలాక కూడా ఆ చిరునామాకు బెదిరింపు ఉత్తరాలు పంపుతూంటే? అప్పుడు 2018 నాటి డేటా రక్షణ చట్టం అక్కరకొస్తుంది. మీ గురించి ఏమేం దాచారో చూపమని ముందు కంపెనీనే అడగండి. సాధారణంగా నెలలోగా, ఉచితంగా చెప్పి తీరాలి. తరువాత నోటీసు, ఆపైన కౌంటీ కోర్టు. ఇన్ఫర్మేషన్ కమిషనర్‌కి ఫిర్యాదు చేయవచ్చు గాని, పరిహారం ఇప్పించేది కోర్టే.

జేబుకు నష్టం లేకున్నా మనోవేదనకు పరిహారం కోరవచ్చు. అయితే "తప్పు చేశారు" అంటే చాలదు. పడిన బాధేమిటో చూపాలి. కనుక వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ కవరుతో సహా దాచండి.

పై చదువులకు అక్కడికెళ్ళే మిత్రులారా, భయపడి కట్టేసే ముందు ఒక్క ప్రశ్న వేయండి: "నా అడ్రసు మీకెందుకు కావలసివచ్చింది?"