వార్తల్లో పదం: క్లాబ్సీ

మెడ పక్కన పారదర్శకమైన ప్లాస్టర్, దాని కింద నుంచి బయటికొచ్చిన సన్నటి గొట్టం. ఐసీయూలో ఇది మామూలు దృశ్యమే. గుండెకు దగ్గరి పెద్ద సిరలోకి మందులు చేరవేసే ఈ 'సెంట్రల్ లైన్' వెంటే సూక్ష్మజీవులూ నెత్తుట్లోకి దిగితే వచ్చే ఇన్‌ఫెక్షనే క్లాబ్సీ.

ఎవరికి రావచ్చో ముందే పసిగట్టేదెలా? గొట్టం పెట్టి ఎన్నాళ్లయింది, మెడలోనా తొడలోనా, తెల్ల రక్తకణాలు తగ్గాయా, ఆహారం కూడా సిరలోంచే ఎక్కుతోందా... ఇలాంటి వివరాలను ఆస్పత్రి రికార్డుల్లోంచి తీసుకుని కంప్యూటర్ మోడళ్లు ముప్పును లెక్కగడతాయి. చిక్కొకటుంది. రోగి చనిపోయినా, డిశ్చార్జి అయినా ఆ లెక్క అక్కడితో తెగిపోతుంది. దీన్ని పట్టించుకోని మోడల్ ముప్పును ఉన్నదానికంటే పెంచి చూపుతుంది. పైగా అనవసరపు హెచ్చరికలు ఎక్కువైతే వాటిని వినేవాళ్లుండరు.

జోస్యం సంగతి అటుంచితే, అమెరికాలోని మిషిగన్ ఐసీయూల్లో వైద్యుడు పీటర్ ప్రోనోవోస్ట్ బృందం ఈ ఇన్‌ఫెక్షన్‌ను రాకుండా ఆపేందుకు ఐదంటే ఐదు పనులు పట్టుకుంది: చేతులు కడుక్కోవడం; గొట్టం పెట్టేటప్పుడు గౌను, మాస్కు వేసుకుని రోగికి నిండా స్టెరైల్ గుడ్డ కప్పడం; క్రిమినాశిని క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం తుడవడం; వీలైతే తొడ సిర జోలికి వెళ్లకపోవడం; అక్కర తీరగానే గొట్టం తీసేయడం. వెయ్యి లైన్ రోజులకు (ఒక రోగికి ఒక రోజు గొట్టం ఉంటే ఒక లైన్ రోజు) 2.7గా ఉన్న ఇన్‌ఫెక్షన్ల మధ్యస్థ రేటు మూడు నెలల్లో సున్నాకు దిగిందని 2006లో ఆ బృందం ప్రకటించింది.