సాలీళ్లను వేటాడే ఒంటరి కందిరీగలు: గూడు, జీవితచక్రం, వరి పొలంలో వాటి స్థానం

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి పండే మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలలోనూ, సూర్యాపేట పరిసరాలలోనూ మోటారు గదుల గోడలకు, పశువుల కొట్టాల వాసాలకు, స్టార్టర్ పెట్టెల లోపల గుప్పెడంత మట్టిముద్దలు అంటుకొని ఉండడం సాధారణం. ఇవి సన్నని నడుము గల ఒంటరి కందిరీగల గూళ్లు. పగులగొట్టి చూస్తే లోపల కదలని సాలీళ్లు ఉంటాయి. సాలీడు పైరుకు మిత్రజీవి అయినప్పుడు దానిని పట్టే కందిరీగ శత్రువు కాదా, గూళ్లు రాలగొట్టవచ్చునా అని రైతులు అడగడం సహజమే. సమాధానం దాని జీవితచక్రంలోనే ఉంది.

గూడు నిర్మాణం

మట్టిగూడు కట్టే స్ఫెసిడే కుటుంబంలో సెలిఫ్రాన్ మద్రాస్‌పటానమ్ మన దేశంలో విస్తారంగా ఉన్నది. 1781లో ఫాబ్రీషియస్ వర్ణించిన ఈ జాతి పేరులోనే మద్రాసు ఉన్నది. తల్లి కందిరీగ కాలువ అంచున, నారుమడి గట్టున తడిమట్టిని ఉండలుగా చేసి, దవడలతో తెచ్చి, ఝుమ్మని శబ్దం చేస్తూ గదిగా మలచుతుంది. దీనికి సహాయపడే కూలి ఈగలు ఉండవు. పాంపిలిడే కుటుంబంలో క్రమం వేరు. వాటిలో అనేక జాతులు ముందుగా సాలీడును పట్టి, తరువాత నేలలో బొరియ తవ్వుతాయి. ఒక్కొక్క గదికి ఒకే పెద్ద సాలీడు ఆహారం. సెలిఫ్రాన్ మాత్రం ఒక్కొక్క గదిలో అనేక చిన్న సాలీళ్లను నింపుతుంది.

జీవితచక్రం

కొండి విషం సాలీడును సాధారణంగా చంపదు, పక్షవాతానికి గురిచేస్తుంది. అందువలన ఆహారం కుళ్లకుండా నిలువ ఉంటుంది. తల్లి ఒక సాలీడు ఉదరంపై ఒకే గ్రుడ్డు పెట్టి, గది నిండాక మట్టితో మూసివేస్తుంది. ఫలదీకరణం చెందిన గ్రుడ్డు నుండి ఆడ, చెందని దాని నుండి మగ కందిరీగ పుడుతుంది. లార్వా సాలీళ్లన్నిటినీ తిని, పట్టుగూడు అల్లుకొని, కోశస్థ దశ దాటి, మట్టి తొలిచి వెలుపలికి వస్తుంది. ప్రౌఢ కందిరీగకు ఆహారం ప్రధానంగా పూల మకరందం.

మన పెద్దల భ్రమరకీట న్యాయం ఈ దృశ్యం నుండే పుట్టినట్లు తోస్తుంది. గూటిలో పెట్టిన పురుగు భ్రమరాన్నే తలచి భ్రమరంగా మారుతుందని నమ్మిక. లోపలికి వెళ్లినది, వెలుపలికి వచ్చినది వేరువేరు జీవులని, మొదటిది రెండవదానికి ఆహారమని విద్యార్థులు ఒక గూటిని విప్పి స్వయంగా తెలుసుకొనవచ్చును.

పొలంలో ప్రాముఖ్యం

ఒక తల్లి ఒక్కొక్క సాలీడును వెదికి పట్టి మోయాలి. దాని సంతతిని క్రైసిడ్ కందిరీగలు, మెలిట్టోబియా వంటి పరాన్నజీవులు అదుపులో ఉంచుతాయి. కనుక ఈ వేట సహజ సమతుల్యతలో భాగమే. సింథటిక్ పైరిత్రాయిడ్ల వంటి విస్తృత ప్రభావం గల మందులు మాత్రం పార్డోసా, టెట్రాగ్నాథా వంటి సాలీళ్లను మడి అంతటా ఒకేసారి నశింపజేస్తాయి. ఆ తరువాత సుడిదోమ తిరిగి విజృంభించడం తెలిసినదే. సాలీళ్లను కాపాడదలచిన రైతు చూసుకోవలసినది గోడమీది మట్టిగూటిని కాదు, చేతిలోని పిచికారీ మందును.

ఈ కందిరీగలు గుంపుగా దాడి చేయవు. స్టార్టర్ పెట్టెలో గూడు అడ్డమైతే విద్యుత్తు ఆపి తొలగించవచ్చును. మిగిలినచోట్ల వదిలివేయడమే మేలు. గూటిలోని సాలీళ్లను గుర్తించి నమోదు చేస్తే, పరిసరాలలో ఏయే జాతులు ఉన్నవో కొంతవరకు తెలుస్తుంది. కందిరీగ తనకు అనువైన వాటినే ఎంచుకుంటుంది కనుక ఈ నమోదు పొలంలో చేసే లెక్కింపుకు తోడుగానే ఉండాలి.