మూర్ఛా? నిద్రా?

1999లో అమెరికాలోని డల్లాస్‌లో మసాషి యనగిసావా బృందం, ఒరెక్సిన్ అనే మెదడు రసాయనానికి సంబంధించిన జన్యువును తొలగించి చిట్టెలుకలను పెంచింది. అవి రాత్రి తిరిగే జీవులు కాబట్టి చీకట్లో ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో చిత్రీకరించారు. చలాకీగా తిరుగుతున్నవి ఉన్నట్టుండి కుప్పకూలాయి! కాసేపటికి లేచి, ఏమీ జరగనట్టే మళ్ళీ తిరిగాయి.

చూస్తే మూర్ఛలా ఉంది. బయటినుంచి చూసి తేల్చలేం. అందుకే మత్తిచ్చి, పుర్రెలో చిన్న ఎలక్ట్రోడ్లు, మెడ కండరాల్లో సన్నని తీగలు అమర్చారు. మెదడు తరంగాలు చాలవా, కండరాలెందుకు? కలలు ఎక్కువగా వచ్చే ‘రెమ్’ నిద్రలో తరంగాలు దాదాపు మెలకువలో ఉన్నట్టే ఉంటాయి. కండరాలు మాత్రం పూర్తిగా సడలిపోతాయి. తేడా పట్టిచ్చేది అదే.

నమోదైన తరంగాల్లో మూర్ఛ జాడ లేదు. చిట్టెలుకలు మెలకువ నుంచి నేరుగా రెమ్ నిద్రలోకి జారుతున్నాయి. మామూలుగా ముందు వేరే నిద్ర దశలు గడవాలి. ఇది మనుషుల్లో నార్కోలెప్సీ లక్షణం. ఆ రోగులను మూర్ఛరోగులుగానో, ఒట్టి సోమరులుగానో పొరబడటం మామూలే.

మరుసటి ఏడాదే, నార్కోలెప్సీతో బాధపడినవారి మెదళ్ళలో ఒరెక్సిన్ కణాలు చాలావరకు నశించాయని తేలింది. ఇదే తర్కాన్ని తిరగేసి, ఒరెక్సిన్‌ను అడ్డుకుని నిద్రపట్టించే సువోరెక్సాంట్ మందుకు 2014లో అమెరికాలో అనుమతి లభించింది.